పసిబిడ్డల జబ్బులు – పల్లె నర్సమ్మ

ఒట్టపిడారమనగానే 1872లో అచ్చట జన్మించిన వ.ఉ. చిదంబరం పిళ్ళగారును, ఆ తాలూకాలోని పాంచాలంకురిచ్చిని ఏలిన తెలుగు మూలముగల కట్టబొమ్మనయు జ్ఞప్తికి వత్తురు. ఆ సీమలో గ్రంథములకెక్కని చరిత్ర మరియొకటి కలదు. బిడ్డకు అర్ధరాత్రి జ్వరము వచ్చినచో తల్లి ఎవరి గడప తొక్కవలెను అన్నదే ఆ చరిత్ర.

పూర్వము ఆ నల్లరేగడి పల్లెలలో వస అరగదీసి నాకించుట, దిష్టి తీయుట, తాయెత్తు కట్టుట తొలి చికిత్సలు. దిష్టి తీసినందువలన హాని లేదు. విరేచనములైన బిడ్డకు నీరు పోయరాదను నమ్మకము మాత్రము ప్రాణాంతకము. జబ్బుకంటె దాహమే ఎందరినో పొట్టన పెట్టుకొన్నది.

40,000 మందికొక ఆరోగ్య కేంద్రము కావలెనని భోర్ సంఘము 1946లో నివేదించెను. 1952లో సమాజాభివృద్ధి పథకముతో అట్టి కేంద్రములు వెలయసాగెను. అయినను డాక్టరు కేంద్రమున, జబ్బు పల్లెలో! ఆ నడుమ దూరము నడిచినది సహాయక నర్సు. ఆమె పని మొదట కాన్పులకు సంబంధించినది. 1973లో కర్తార్ సింగ్ సంఘము దానిని కుటుంబమంతటి ఆరోగ్యమునకు విస్తరింపజేసెను. తమిళనాట ఆమె 'గ్రామ సుకాదార సెవిలియర్', మనకు నర్సమ్మ. మైదాన ప్రాంతమున 5,000 మందికొక ఉపకేంద్రము ఉండవలెనని ప్రమాణము.

ఆమె సంచిలోనికి వచ్చిన గొప్ప మందు ఉప్పు, చక్కెర కలిపిన నీరే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల నడుమ కలరా ప్రబలగా, వంగదేశపు బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ దానిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి ముప్పది వరకు ఉన్న మరణములు నాలుగింటికి లోపునకు దిగెను. చక్కెర తోడైనచో ప్రేగులు ఉప్పును, దానితో నీటిని పీల్చుకొనును, కీలకమంతయు ఇదియే. 2002 నాటి సూత్రము ప్రకారము ఒక లీటరు నీటికి 20.5 గ్రాముల పొడి, అందు గ్లూకోజు 13.5, ఉప్పు 2.6 గ్రాములు.

దగ్గు సంగతి వేరు. సామాన్యపు పడిసెమేదో, ఊపిరితిత్తుల వాపు ఏదో తెలియవలెను. అందుకు నర్సమ్మ ఒక నిమిషము నిండుగా బిడ్డ ఊపిరి లెక్కించును. రెండు నెలలు నిండిన శిశువునకు ఏడాది వరకు 50, ఆపైన అయిదేండ్ల వరకు 40, అంతకు మించినను వేగమనియే లెక్క. రొమ్ము దిగువ గుంటపడినను, పాలు త్రాగలేకున్నను, మూర్ఛ వచ్చినను తానుంచుకొనక ఆసుపత్రికి పంపవలెను. చిన్న జబ్బుకు మందిచ్చుటకంటె, ఇది చిన్నది కాదని గుర్తించుటయే ఘనమైన విద్య యని నా తలంపు.

గుమాస్తాగిరి చేసినవాడను గనుక ఒక మాట: ఆమె వ్రాయవలసిన రిజిష్టర్లు మా కచేరీలో కూడ అన్ని లేవు!

మన ఇండ్లలో అవ్వలు ఊపిరాడని బిడ్డను చూచి 'డొక్కలెగరేస్తున్నాడు' అందురు. నర్సమ్మ ప్రశ్న అరవములో ఉండును. కోడలు ఆ ఒక్కమాట అరవములో చెప్పగానే ఆమె గడియారము తీసి, బిడ్డ చొక్కా పైకెత్తి లెక్క మొదలుపెట్టును.