గువామ్ దీవిలో గోధుమరంగు చెట్టుపాము

గోధుమరంగు చెట్టుపాము రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరుకుల్లో దాగి పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ దీవికి చేరింది. నాలుగు దశాబ్దాలు తిరగకముందే అక్కడి అడవి పక్షులను దాదాపు తుడిచిపెట్టింది. దీని శాస్త్రీయ నామం బోయిగా ఇర్రెగ్యులారిస్. బయటి నుంచి వచ్చిన ఒక వేటజీవి ఉష్ణమండల అడవిని ఎంతగా మార్చగలదో చెప్పడానికి శాస్త్రజ్ఞులు ముందుగా చూపే ఉదాహరణల్లో ఇదొకటి.

రాక

గువామ్ మరియానా దీవుల్లో పెద్దది. అమెరికా పాలనలో ఉంది. విస్తీర్ణం సుమారు 540 చదరపు కిలోమీటర్లు. వానపామును పోలిన చిన్న గుడ్డిపాము తప్ప ఇక్కడ అంతకుముందు పాములు లేవు. చెట్టుపాము సొంత నేల న్యూగినీ, సాలమన్ దీవులు, ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు తీరాలు. న్యూగినీకి ఉత్తరాన ఉన్న మానస్ దీవి నుంచి తరలించిన సైనిక సామగ్రితో 1940ల చివర్లోనో, 1950ల తొలినాళ్లలోనో ఇది వచ్చిందని భావిస్తున్నారు.

పక్షుల పతనం

రాత్రిపూట చెట్లెక్కి వేటాడే పామును గువామ్ పక్షులు ఎన్నడూ ఎరగవు. అందువల్ల గుడ్లు, పిల్లలు, కొమ్మల మీద నిద్రించే పెద్ద పక్షులు కూడా సులువుగా దానికి చిక్కాయి. పక్షులు తగ్గినా పాముకు తిండి కరువు కాలేదు. బల్లులు, ఎలుకలు దాన్ని పోషించాయి. వేట తరిగితే వేటగాడూ తగ్గాలన్న ప్రకృతి సూత్రం ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

1960ల్లో దక్షిణ గువామ్‌లో మొదలైన క్షీణత క్రమంగా ఉత్తరానికి పాకింది. పురుగుమందులు, వ్యాధులే కారణమని మొదట అనుమానించారు. జీవశాస్త్రజ్ఞురాలు జూలీ సావిడ్జ్ పాత రికార్డులను, స్థానికుల జ్ఞాపకాలను సేకరించి, పాము విస్తరించిన క్రమం పక్షులు కనుమరుగైన క్రమంతో సరిపోతోందని చూపారు. పక్షులను ఎరగా పెట్టిన బోనులు పాముపై అనుమానాన్ని బలపరిచాయి. ఆమె పరిశోధన 1987లో వెలువడింది. 12 స్థానిక అడవి పక్షి జాతుల్లో 10 దీవి అడవుల నుంచి మాయమయ్యాయి. వాటిలో గువామ్ ఫ్లైక్యాచర్ ప్రపంచంలో మరెక్కడా లేదు కాబట్టి శాశ్వతంగా అంతరించింది.

అడవిపై ప్రభావం

పక్షులు పోవడంతో అడవి విత్తనాలు చల్లే చేతులను కోల్పోయింది. పండ్లు తల్లిచెట్టు కిందనే రాలి పడుతున్నాయి. రెండు చెట్ల జాతుల్లో కొత్త మొక్కలు 61 నుంచి 92 శాతం వరకు తగ్గవచ్చని 2017 నాటి అధ్యయనం అంచనా వేసింది. పురుగులను తినే పక్షులు లేకపోవడంతో, వానాకాలంలో ఇక్కడి సాలెగూళ్లు పొరుగు దీవుల కంటే 40 రెట్ల దాకా ఎక్కువగా కనిపించాయి. కరెంటు తీగలపైకి పాకే పాముల వల్ల విద్యుత్ సరఫరా కూడా పదేపదే నిలిచిపోయింది.

నియంత్రణ

ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో శిక్షణ పొందిన కుక్కలు సరుకుల్లో పాములను పసిగడతాయి. 80 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఈ పాముకు ప్రాణాంతకం. ఆ మందు నింపిన చచ్చిన ఎలుకలను 2013లో హెలికాప్టర్ల నుంచి అడవిపై జారవిడిచారు. అయినా దీవి మొత్తం నుంచి పామును ఏరివేయడం ఇంతవరకు సాధ్యం కాలేదు.

పునరుద్ధరణ

స్థానిక చమోరో ప్రజలు కోకో అని పిలిచే ఎగరలేని పక్షిని చివరి క్షణంలో పట్టి, సంరక్షణలో పెంచారు. పాము లేని రోటా దీవిలో, గువామ్ తీరాన ఉన్న కోకోస్ దీవిలో వదిలారు. అడవిలో అంతరించిన జాతిగా ఉన్న దాన్ని 2019లో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల వర్గంలోకి మార్చారు. సిహెక్ అనే లకుముకి పిట్ట 1988 తర్వాత అడవిలో కనిపించలేదు. 2024లో సంరక్షణలో పెరిగిన తొమ్మిది పిట్టలకు పాల్‌మైరా పగడపు దీవిలో స్వేచ్ఛ దక్కింది.

అయితే 2020లో కోకోస్ దీవిలోనూ పాములు బయటపడ్డాయి. దశాబ్దాల శ్రమ, సొమ్ము వెచ్చించినా గువామ్ అడవి పూర్వస్థితికి రాలేదు. పాము ఇంకా స్థిరపడని సైపాన్, రోటా వంటి పొరుగు దీవుల పక్షులకు రేవుల వద్ద జరిగే తనిఖీయే ప్రధాన రక్షణ. ఒక్క సరుకు పెట్టెను శ్రద్ధగా చూడటం, ఒక అడవిని తిరిగి నిలబెట్టడం కంటే ఎన్నో రెట్లు సులువైన పని.