నర్సు చేతిలో సమ్మతి పత్రం: రోగి హక్కుకూ ఉద్యోగ భయానికీ మధ్య

2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక శంషాబాద్ రూపు మారింది. అక్కడి ఆసుపత్రులకు జాతీయ రహదారి 44 మీద గాయపడినవారు, కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులు, వలస కూలీలు, చుట్టుపక్కల పల్లెల దళిత మహిళలు వస్తారు. డాక్టర్ చూసి వెళ్తారు. రోగి పక్కన గంటల తరబడి ఉండేది నర్సే. అందుకే నైతిక చిక్కులన్నీ ముందుగా ఆమె ముందుకే వస్తాయి.

సమ్మతి

ఆపరేషన్‌కు ముందు సంతకం తీసుకునే పని తరచూ నర్సు మీద పడుతుంది. ‘ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా’ అనడం తేలిక. ఏం చేయబోతున్నారో, వేరే దారి ఉందో లేదో చెప్పకుండా తీసుకున్న వేలిముద్ర సమ్మతి కాదు. సమీరా కోహ్లీ కేసులో రోగి మత్తులో ఉండగా తల్లి అనుమతితో గర్భసంచి తొలగించారు. అది చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. వివరించాల్సింది డాక్టరే. కానీ రోగికి అర్థం కాలేదని గమనిస్తే డాక్టర్‌ను మళ్లీ పిలవడం నర్సు బాధ్యత.

గోప్యత

కార్మికుడి జబ్బేమిటని కాంట్రాక్టర్ ఫోన్ చేసి అడుగుతాడు. చెబితే రోగి పని పోవచ్చు. రోగి అనుమతి లేకుండా చెప్పకూడదు. హెచ్ఐవీ విషయంలో 2017 చట్టం ఈ గోప్యతకు ప్రత్యేక రక్షణ ఇచ్చింది.

కులం

వివక్ష రోగి మీదే కాదు, నర్సు మీదా ఉంటుంది. కులం చూసి రోగిని ఆసుపత్రిలోకి రానివ్వకపోవడం 1955 పౌరహక్కుల రక్షణ చట్టం కింద నేరం. 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కిందా నేరమే. మరి దళిత నర్సు చేత ఇంజెక్షన్ వద్దని రోగి బంధువులు అంటే? గొడవెందుకని ఆమె డ్యూటీ మార్చేస్తే, ఆ ‘సర్దుబాటు’ అంటరానితనాన్ని ఆసుపత్రే ఒప్పుకున్నట్టు. వైద్యం ఆగకూడదు, ఆమెను తప్పించనూ కూడదు.

నోరు విప్పితే

తప్పును ప్రశ్నించమని అంతర్జాతీయ నర్సుల మండలి నియమావళి (1953, తాజా సవరణ 2021) చెబుతుంది. కానీ రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని నర్సు ఎలా ప్రశ్నిస్తుంది? 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశాలతో ఏర్పడిన కేంద్ర కమిటీ 2016లో సిఫార్సు చేసింది. అది సిఫార్సే, చట్టం కాదు.

జరిగింది తేదీ, సమయంతో నర్సింగ్ నోట్స్‌లో రాయడం, లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయడం ఆమె చేయగలిగిన పనులు. ఆ కాగితం వెనుక నిలబడాల్సింది సంఘాలు. నర్సుకు భద్రత లేనిచోట రోగి హక్కు గోడ మీది బోర్డుగానే మిగిలిపోతుంది.