రామగిరి గుట్ట: బొగ్గు కంటే ముందు పుట్టిన రాయి

పెద్దపల్లి నుంచి మంథని పోయే తోవలో బేగంపేట దగ్గర దిగితే ఎదురుగా నిలబడి ఉండేది రామగిరి ఖిల్లా. దాని చుట్టూరా సింగరేణి బొగ్గు కంపెనీ రాజ్యమే. రామగుండం-3 (ఆర్జీ-3) ఓపెన్‌కాస్టులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని, కంపెనీ నూరేళ్ల పండుగ పేరుతో వెలసిన సెంటినరీ కాలనీ, మూడు షిఫ్టుల్లో నడిచే బతుకులు. ఇంత తవ్విన నేలలో ఈ గుట్ట ఎట్లా మిగిలిందో తెలియాలంటే రాజుల కాలం చాలదు, రాయి పుట్టిన కాలం దాకా పోవాలి.

ఇక్కడి బొగ్గు వయసు 25 నుంచి 30 కోట్ల ఏళ్లు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి నేల చీలి కుంగిన పొడవాటి పల్లంలో ఆనాటి అడవులు కూలి, ఇసుక, బురద కింద పూడుకుపోయి బొగ్గయ్యాయి. ప్రాణహిత-గోదావరి లోయ అంటే అదే. రామగిరి రాయి అంతకంటే ఎన్నో కోట్ల ఏళ్లు పెద్దది. భూగర్భ శాస్త్రజ్ఞులు సుల్లవాయి వర్గంలో చేర్చిన ఇసుకరాళ్లు ఇవి. ఆ వర్గంలో ఒక పొరకు రామగిరి పేరే పెట్టారు. భూమ్మీద చెట్టన్నది మొలవకముందే గట్టిపడిన రాయిలో బొగ్గు వెతికినా దొరకదు. గుట్టకు రక్ష అదే.

గుట్ట దాచుకున్న మరో సంపద నీళ్లు. వానాకాలం నీరు బండల పగుళ్లలోకి ఇంకి, మెల్లగా లోయల్లోకి దిగుతుంది. ఈ గుట్టల వరసలోనే సబ్బితం దగ్గర గౌరీగుండం జలపాతం దూకుతుంది. మంథని అవతల ఖాన్‌సాయిపేట శివారులో గోదావరి రెండు గుట్టల నడుమ ఇరుకై లోతుగా పారుతుంది. ఆ మడుగును ఎల్‌మడుగు అంటారు. ఎండాకాలంలో నది ఇసుకమేటలై కనిపించినా అక్కడ నీళ్లు నిలిచే ఉంటాయి. ఆ నీళ్లను నమ్ముకునే మొసళ్లు బతుకుతున్నాయి. వాటి కోసమే ఆ తీరంలో శివ్వారం అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు.

మనుషులు ఈ గుట్టెక్కింది భయంతో. కింద మైదానంలో శత్రువు ఎంత దూరాన ఉన్నా పైనుంచి కనిపిస్తాడు, పైన తాగేందుకు నీళ్లుంటాయి. సీతమ్మ కొలను, అక్కాచెల్లెళ్ల బావి, పసరు బావి అని ఇవాళ్టికీ జనం చూపించే గుండాలూ బావులూ లేకపోతే ఎంత ఎత్తు గోడ కట్టినా అది కోట కాదు. ముట్టడిలో సైన్యాన్ని చంపేది బాణం కంటే ముందు దప్పిక.

రాముడు వనవాసంలో ఇక్కడ ఉన్నాడని ఈ పల్లెల నమ్మకం. కాళిదాసు మేఘదూతంలోని రామగిరి ఇదేనని అనేవాళ్లూ ఉన్నారు. పండితుల్లో ఎక్కువమంది దాన్ని నాగపూర్ దగ్గరి రామ్‌టెక్‌గా గుర్తించారు, నాకూ అదే సబబనిపిస్తుంది. మన గుట్టకు అరువు కీర్తి అక్కర్లేదు.

కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయించిన హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం, అతని తండ్రి రెండో ప్రోలరాజు మంత్రకూటపు గుండరాజును పట్టి, తల గొరిగించి, రొమ్ము మీద వరాహముద్ర వేయించి చంపించాడని చెబుతుంది. మంత్రకూటం అంటే మన మంథనే అని కొందరు చరిత్రకారుల లెక్క. కాకతీయులు పోయాక, సబ్బినాడు అని పిలిచే ఈ ప్రాంతాన్ని రామగిరి రాజధానిగా ముప్పభూపాలుడు ఏలాడు. అతని మంత్రి కందనామాత్యుడికి మడికి సింగన పద్మపురాణం ఉత్తరఖండాన్ని అంకితమిచ్చాడు. సకలనీతిసమ్మతం కూర్చినదీ ఆ సింగనే. ఖిల్లా అనగానే ఫిరంగులూ గుప్తనిధులే తలుచుకుంటాం. తెలుగు కవిత్వానికి ఆశ్రయమిచ్చిన కొలువుగా దీన్ని బడిపిల్లలకు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1656లో మొగల్ యువరాజు ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. సంధి కోసం గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా కోటి రూపాయల పరిహారానికి ఒప్పుకున్నాడు, కూతుర్ని ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి పెళ్లి చేశాడు, తన ఏలుబడిలోని రామగిరి ప్రాంతాన్ని మొగలులకు వదులుకున్నాడు. ఎక్కడో గోల్కొండ గోడల కింద కుదిరిన బేరంలో ఈ ఊళ్ల యజమాని మారిపోయాడు.

ఆ తర్వాత కోట పాడుబడింది, అడవి తిరిగి ఎక్కింది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. గోదావరిఖనికి గనులొచ్చింది 1960ల్లో. 2016లో రామగిరి పేరు మీద మండలమే ఏర్పడింది.

టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగు పెరిగే ఈ అడవిలోకి శ్రావణమాసంలో పసరు వైద్యులు, ఆయుర్వేదం చదివే పిల్లలు మూలికల కోసం వస్తారు. తిప్పతీగ, నేలవేము, అడవి ఉల్లి లాంటివి వానకు చిగురించే రోజులవి. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది. వేరుతో పీకితే, దుంప తవ్వితే ఆ మొక్క అంతటితో సరి. పాత వైద్యులకు ఈ తేడా తెలుసు. సంచులు నింపుకుపోయేవాళ్లు దాన్ని పట్టించుకోరు. అట్లాగే నిధుల కోసం కోటలో గుంతలు తవ్వేవాళ్లు రాళ్లతోపాటు చరిత్రనూ చెదరగొడుతున్నారు.

ఓపెన్‌కాస్టుల నుంచి తీసిన మట్టి ఇప్పుడు గుట్టలు గుట్టలుగా పేరుకుంది. వాటి మీద మొక్కలు నాటుతున్నారు, మంచిదే. అయితే ఏ రాయి పగులులో ఏ మూలిక మొలవాలో వందల ఏళ్లుగా కుదురుకున్న అడవి పక్కనే ఉంది. దాని విత్తనం ఆ మట్టికి చేరాలంటే ముందు అది బతికి ఉండాలి. మొసళ్లకు అభయారణ్యం హద్దులున్నాయి. ఈ గుట్ట మీది మూలికలకూ అట్లాంటి హద్దు గీయాలి. ఏ మొక్క ఎక్కడ ఉందో స్థానిక పసరు వైద్యులను వెంటబెట్టుకుని రాయించాలి, వేళ్లూ దుంపలూ తవ్వడాన్ని ఆపాలి. మొక్కల పేర్లు తెలిసిన ఆ ముసలివాళ్లు ఊళ్లలో ఉండగానే ఈ పని జరగాలి.