పాడి ఆవుల సంక్షేమ మదింపు

ఆకలి, దాహం, నొప్పి, బెదురు లేకుండా పాడి ఆవు బతుకుతోందా అని ఒక పద్ధతి ప్రకారం పరిశీలించి తేల్చడమే సంక్షేమ మదింపు. పశువులను సాకేవాళ్లు తరతరాలుగా కంటిచూపుతో చేస్తున్న పనే ఇది. శాస్త్రంగా రూపుకట్టింది మాత్రం గత 60 ఏళ్లలోనే.

1964లో బ్రిటన్‌లో రూత్ హారిసన్ రాసిన ‘యానిమల్ మెషీన్స్’ పుస్తకం ఇరుకు షెడ్లలో పెంచే జీవాల దుస్థితిని బయటపెట్టింది. జనంలో అలజడి రేగడంతో అక్కడి ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీని వేసింది. పశువుకు లేవడానికి, పడుకోవడానికి, అటూ ఇటూ తిరగడానికి, ఒళ్లు నాక్కోవడానికి, కాళ్లు చాపుకోవడానికి చోటుండాలని 1965లో ఆ కమిటీ చెప్పింది. ‘ఐదు స్వేచ్ఛలు’ అనే సూత్రం అందులోంచే పుట్టింది.

తొలి రోజుల్లో కొలతలన్నీ కొట్టానికే. జాగా ఎంత, నేల ఎలా ఉంది, గాలీ వెలుతురూ వస్తున్నాయా అని మార్కులు వేసేవారు. కానీ ఒకే కొట్టంలో ఒక ఆవు నిగనిగలాడుతుంది, పక్కది కుంటుతుంది. అందుకే చూపు క్రమంగా పశువు మీదికి మళ్లింది. 2004–2009 మధ్య ఐరోపాలో సాగిన ‘వెల్ఫేర్ క్వాలిటీ’ ప్రాజెక్టు 4 సూత్రాలు, 12 ప్రమాణాలతో ఈ మార్పును స్థిరపరిచింది. ఒంటి పుష్టి, నడక, వెనక కాళ్ల కీళ్ల దగ్గర పుండ్లు, పొదుగు శుభ్రత చూస్తారు. బెదురును కొలిచే తీరు ముచ్చటగా ఉంటుంది. పరీక్షించే మనిషి చెయ్యి ముందుకు చాచి, ఎదురుగా ఒక్కో అడుగే వేస్తూ ఆవు దగ్గరికి వెళ్తాడు. అది తల వెనక్కి తీసిన క్షణాన చేతికీ మూతికీ మధ్య ఎంత దూరముందో రాసుకుంటాడు. మంచిమాటతో, మెత్తని చేత్తో పెరిగిన ఆవు కదలదు.

భారతదేశంలో జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి రుక్మిణీదేవి అరండేల్ తొలి అధ్యక్షురాలు. 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఐదు స్వేచ్ఛలను గుర్తించింది.

అయితే పెద్ద మందలకు కుదిరిన పద్ధతి ఒకటి రెండు ఆవులున్న ఇంటికి అలాగే కుదరదు. మందలో నూటికి ఎన్ని కుంటుతున్నాయన్న లెక్కకు ఇక్కడ అర్థమే లేదు. పలుపు ఎంత పొడవుంది, మెడ మీద ఒరిపిడి ఉందా, కుడితి కాక మంచినీళ్లు ఎన్నిసార్లు పెడుతున్నారు, మిట్టమధ్యాహ్నం నీడ ఉందా, పేడ మీదే పడుకుంటోందా అన్నవి చూడాలి. చాలా ఇళ్లలో మేత, నీళ్లు చూసేది ఆడవాళ్లే కాబట్టి అడగాల్సిందీ వాళ్లనే.

పాలు బాగా ఇస్తోంది కదా అన్న ధీమా చాలదు. ఈనిన తొలి వారాల్లో మేత చాలకపోతే సంకర జాతి ఆవు ఒంట్లోని కొవ్వు కరిగించుకుని మరీ పాలిస్తుంది. పాల కేంద్రం వెన్న శాతం చూసి ధర కడుతుంది, ఆవు చిక్కిపోవడం ఆ రసీదులో కనిపించదు. గాలికుంటు టీకాకు ఇంటింటికీ వచ్చే సిబ్బంది అప్పుడే ప్రతి పశువు పుష్టి, నడక కూడా నమోదు చేయడం మొదలుపెట్టాలి.