మీటల ఫోన్‌కు వీడియో తెచ్చిన నవీకరణ

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయిలో 2018 జూన్ 14న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ విస్తరించిన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ చేర్చే భారత్‌నెట్ రెండో దశకూ అక్కడే శ్రీకారం చుట్టారు. మూడు వారాల తరువాత, జులై 5న, రిలయన్స్ వార్షిక సమావేశంలో జియోఫోన్ 2ను ప్రకటించారు. రెండింటికీ నేరుగా సంబంధం లేదు. ఇంటర్నెట్‌ను సామాన్యులకు చేరువ చేయడమే రెండింటి ఉద్దేశం.

2018లో జియోఫోన్ 2 ధర రూ. 2,999గా ఉండేది. దీనికి 2.4 అంగుళాల అడ్డుతెర, దాని కింద కంప్యూటర్ తరహా పూర్తి అక్షర మీటలు, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ నిల్వ సామర్థ్యం ఉన్నాయి. ఇది కైఓఎస్‌పై పనిచేస్తుంది. ఆ వ్యవస్థకు మూలం మొజిల్లా విడిచిపెట్టిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్.

అసలు విశేషం పాత ఫోన్‌కు దక్కింది. అంకెల మీటలతో 2017లో వచ్చిన మొదటి జియోఫోన్‌కు కూడా యూట్యూబ్, ఫేస్‌బుక్, వాట్సాప్ సాఫ్ట్‌వేర్ నవీకరణ ద్వారానే అందుతాయని ప్రకటించారు. కొత్త ఫోన్ కొనవలసిన పని లేకపోయింది. వాట్సాప్ 2018 సెప్టెంబర్ 10న మొదలైంది. సందేశాలు, ఫొటోలు, వీడియోలు పంపుకోవడానికి అప్పట్లో వీలుండేది. తొలినాళ్లలో దాని ద్వారా కాల్స్ మాత్రం కుదరలేదు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని సాఫ్ట్‌వేరే తీసుకుంది. కైఓఎస్‌లో వాట్సాప్ కొత్త డౌన్‌లోడ్‌లు 2024 జూన్‌లో నిలిచిపోయాయి. అప్పటికే వాడుతున్నవారికి 2025 ఆరంభం వరకే గడువు ఇచ్చారు. మీటలు చెడకపోయినా వాట్సాప్ కావాలంటే వేరే ఫోన్ తప్పలేదు.