అత్తగారు జిందాబాద్

తెలుగువాళ్లకి అత్తగారంటే ముందు కళ్లముందుకొచ్చేది సూర్యకాంతం. 1962లో 'గుండమ్మ కథ' వచ్చాక ఆడపిల్లలకి ఆ పేరు పెట్టుకోవడానికే జనం జంకారని పెద్దలు ఇప్పటికీ చెప్తారు. మా ఉర్దూ ఇళ్లలో సాస్-బహూ ఖిస్సాలూ అంతే. సాస్ జాలిమ్, బహూ మజ్లూమ్. ఖిస్సా చెప్పేది సాస్ అయితే జులుమ్ చేసేది బహూ అవుతుంది, అంతే తేడా. ఇద్దరిలో ఒకరు ఖరాబ్ మనిషి కాకపోతే ఖిస్సాకి మజా రాదని అందరి యఖీన్.

నా వరకు ఆ యఖీన్‌ని పాడుచేసిన కితాబు 'అత్తగారి కథలు'. రాసింది భానుమతీ రామకృష్ణ. అందులో అత్తగారికి మడి ఉంది, పట్టుదల ఉంది, పైసా పైసా లెక్క ఉంది, తనకి తెలియని సంగతి దునియాలో లేదన్న ధీమా ఉంది. జులుమ్ మాత్రం లేదు. కోడలు ఆమెని చూసి నవ్వుకుంటుంది, మనకి చెప్పి నవ్విస్తుంది, ఆఖరికి ఆమె మాటే నెగ్గనిస్తుంది.

భానుమతి అంటే నేటి పిల్లలకి పాత సినిమాల్లో పొగరుగా మాట్లాడే ఒక పెద్దావిడ. అందుకని కాస్త తారీఖులు చెప్పాలి. ఆమె 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. 1939లో 'వరవిక్రయం'తో సినిమాలోకి వచ్చేనాటికి ఇంకా చిన్నపిల్ల. 1943లో రామకృష్ణారావుని ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఆయన అప్పటికి అసిస్టెంట్ డైరెక్టర్. ఆమె స్టార్. పెళ్లయ్యాక ఇల్లు చూసుకుంటూ ఉండిపోదామనుకున్నారు కానీ 'స్వర్గసీమ' ఉండనివ్వలేదు. తర్వాత కొడుకు భరణి పేరు మీద కంపెనీ, స్టూడియో. 1949లో ఆ కంపెనీ తీసిన 'లైలా మజ్నూ'లో ఆమే లైలా, నాగేశ్వరరావు ఖైస్, భర్త డైరెక్టర్. మా ఇళ్లలో ముసలివాళ్లకి భానుమతి అంటే లైలానే. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ, మూడు జుబాన్లలో తనే డైరెక్ట్ చేశారు. పాట తనది, యాక్టింగ్ తనది, హిసాబ్ కితాబ్ తనది. ఇన్ని పనుల్లో ఉన్న మనిషి రాయడానికి కూర్చున్నప్పుడు స్టూడియో గురించి కాదు, వంటింటి గురించి రాశారు. మరచెంబు, ఆవకాయ జాడీ, ఎండబెట్టిన వడియాలు.

ఇది నాకు చాలాకాలం అజీబ్‌గా ఉండేది. మద్రాసులో అంత షుహ్రత్ ఉన్న మనిషికి రాసుకోవడానికి సినిమా మసాలా తక్కువా? ఆ రోజుల్లో ఆమె ఒక్క పేరు ఇటు అటు మార్చి రాసినా పత్రికలు ఎగబడి అచ్చేసేవి. కథలు మళ్లీ మళ్లీ చదివితే జవాబు అందులోనే దొరికింది. బయట ఆమె చెప్పినట్టు నడిచేవాళ్లు వందమంది. ఇంటి గడప దాటి లోపలికొస్తే ఆ షుహ్రత్‌కి పైసా విలువ ఇవ్వని మనిషి ఒకరున్నారు. మడి బట్ట కట్టుకున్న ఆ మనిషి ముందు ఎంత పెద్ద స్టార్ అయినా దూరంగా జరిగి నిలబడాల్సిన కోడలే. నవ్వు పుట్టింది అక్కడ. పెద్దదనుకున్న తన జిందగీ అత్తగారి కళ్లలో ఎంత చిన్నగా కనబడుతుందో భానుమతి చూశారు. చూసి అలగకుండా రాసుకున్నారు.

ఆ అత్తగారు ఆమె సొంత అత్తగారేనా అన్న సవాల్ చదివిన ప్రతివాళ్లకీ వస్తుంది. నా ఖయాల్ ఏమంటే, ఒక్క మనిషిని చూసి అన్ని కథలు రాయలేరు. ఊళ్లో, బంధువుల్లో, పక్కింట్లో చూసిన పదిమంది అత్తల్ని కలిపి ఒక చీర కట్టించారు. ఒక ముసలామె మనస్తత్వం తెలిశాక ఆమెని ఎక్కడికి పంపినా కథ తనంతట తనే నడుస్తుంది. ఆవకాయ దగ్గర కూర్చోబెట్టినా సరే, ఊళ్లు తిప్పినా సరే. హాస్యం రాసేవాళ్లకి కావాల్సింది జోకులు కాదు, అలాంటి ఒక్క మనిషి.

మాది ఎర్రగుంట్ల. నాపరాళ్ల దుమ్ము, సిమెంటు దుమ్ము కలిసి ఇంటి గోడల మీద, ఆరేసిన దుప్పట్టాల మీద వాలే ఊరు. బొంబాయి-మద్రాసు రైలుదారి మా ఊరి మీదుగానే పోతుంది కాబట్టి మద్రాసు మాకు మరీ పరాయి ఊరు కాదు. కళ్ల జబ్బుకి, గుండె జబ్బుకి, పెళ్లి పట్టుచీరలకి అందరూ రైలెక్కి అటే పోయేవాళ్లు. 'అత్తగారి కథలు' మా ఇంట్లో మా దాదీకి తెలుసు, ఆమెకి తెలుగు అక్షరం ఒక్కటి రాకపోయినా. ఖురాన్ చదవడం వచ్చు, ఉర్దూ కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతవరకే ఆమె చదువు. లైబ్రరీ నుంచి అమ్మీ తెచ్చిన కితాబు మధ్యాహ్నం జొహర్ నమాజ్ అయ్యాక బయటికొచ్చేది. అమ్మీ తెలుగులో ఒక వాక్యం చూసుకుని దాన్ని మా దక్కనీలోకి తిప్పి చెప్పేది. బహూ చదువుతుంటే సాస్ వింటోంది, అది కూడా అత్తాకోడళ్ల కథలు. మధ్యలో నేను.

మడి అనే మాటని అమ్మీ పాకీ అని తర్జుమా చేసేది. అక్కడితో దాదీకి ఇంకేమీ వివరించే జరూరత్ లేకపోయేది. మా ఇంట్లో ఆమె బద్నా ఎవరూ ముట్టుకోకూడదు, ఆమె జానమాజ్ ఇంకొకరు మడవకూడదు, నాపాకీ రోజుల్లో అచార్ జాడీ మీద కోడళ్ల నీడ కూడా పడకూడదు. మజ్‌హబ్‌లో ఇదంతా ఎక్కడ రాసుందో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. బ్రాహ్మల ఇంటి అత్తగారి ఆవకాయ జాడీ కథ వింటూ దాదీ ఓసారి మోకాలు చరుచుకుని "యే బుడ్డీ హమారీచ్ హై" అనేసింది. ఈ ముసలామె మనదేనట. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను నవ్వుతున్నది ఏ బుడ్డీని చూసో దాదీకి తెలుసని అమ్మీకి తెలుసు. ఆ ఇంట్లో అమ్మీ దాదీ ముందు నోరు తెరిచి నవ్వడానికి ఇజాజత్ దొరికింది ఆ కితాబు వల్లనే.

భానుమతి కంటే ముందు తెలుగులో ఇంటి హాస్యం లేక కాదు. మునిమాణిక్యం నరసింహారావు 'కాంతం కథలు' ఉన్నాయి, చక్కని కథలు, భార్య మీద ముహబ్బత్‌తో రాసినవి. కాకపోతే అక్కడ చూసేది భర్త, నవ్వించేది భార్య. కాంతం వాకిలి ఊడుస్తుంటే, పిల్లల్ని తిడుతుంటే, వాళ్లాయన పక్కనుంచి చూసి రాసుకుంటాడు. భానుమతి కథల్లో చెప్పే మనిషికీ నవ్వించే మనిషికీ ఒకే వంటిల్లు, ఒకే పొయ్యి. రేపు పొద్దున మళ్లీ ఆ అత్తగారి ముందుకే కాఫీ తీసుకుని పోవాలి. అందుకే ఆ నవ్వుకి ఒక హద్దు ఉంది. ఆ హద్దు లిహాజ్ వల్ల వచ్చింది, భయం వల్ల కాదు. అత్తగారిని బేఇజ్జత్ చేసిన చోటు ఆ కథల్లో నాకు కనబడలేదు. తనని తను వెర్రిదాన్ని చేసుకున్న చోట్లు మాత్రం బోలెడు.

ఉర్దూ వైపు చూస్తే, ఆడవాళ్ల కోసం రాసిన తొలి నవలల్లో ఒకటైన డిప్యూటీ నజీర్ అహ్మద్ 'మిరాతుల్ ఉరూస్' 1869లో వచ్చింది. తన కూతుళ్లు చదువుకోవడానికి రాశారాయన. అక్బరీ, అస్గరీ ఇద్దరు అక్కచెల్లెళ్లు. చెల్లెలు అస్గరీ సలీఖా ఉన్న పిల్ల, అక్క అక్బరీ బద్‌మిజాజ్. అస్గరీలా ఉండండని పుస్తకం మొత్తం చెప్తుంది. చదివిన ఆడపిల్లలకి గుర్తుండేది మాత్రం అక్బరీనే, ఎందుకంటే నవ్వొచ్చేది ఆమె దగ్గరే. మౌలానాల తాలీమ్‌కి కూడా ఒక అల్లరి పిల్ల లేకుండా పని జరగలేదు.

ఇంకా ముచ్చటైన సంగతి 1905ది. బెంగాల్‌లో పుట్టిన రుఖయ్యా సఖావత్ హుస్సేన్ భాగల్పూర్‌లో ఉండేవారు. భర్త డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆయన క్యాంపుకి పోయిన రోజుల్లో తోచక ఇంగ్లీషులో ఒక కథ రాశారు, 'సుల్తానాస్ డ్రీమ్'. అందులో ఒక దేశం. అక్కడ పర్దాలో ఉండేది మగవాళ్లు. వంటిల్లు వాళ్లది, పిల్లల్ని చూసుకోవడం వాళ్లది. బజార్, రాజ్యం, సైన్సు ఆడవాళ్లవి. జనానా పోయి మర్దానా వచ్చింది. భర్త తిరిగొచ్చి నిలబడే మొత్తం చదివి, ఇది మా మీద భలే బద్లా అన్నట్టు మాట్లాడారట. తర్వాత ఆయన ప్రోత్సాహంతోనే అచ్చుకి పోయింది. ఎక్కడికి? మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'కి. ఇక్కడ కూడా రాసింది ఇంటి ఆడమనిషి, తోచక, కాలక్షేపానికి. ఆడవాళ్ల హాస్యం ఎప్పుడూ ఇలా కాలక్షేపం అన్న పేరు కింద దాక్కునే బయటికొస్తుంది. సీరియస్‌గా రాస్తున్నానంటే ఎవరో ఒకరు కలం లాక్కుంటారు. ఇస్మత్ చుగ్తాయ్ దాక్కోకుండా రాశారు. 'లిహాఫ్' కోసం లాహోర్ కచేరీ మెట్లెక్కాల్సి వచ్చింది. ఆమె అన్న అజీమ్ బేగ్ చుగ్తాయ్ పేరున్న హాస్య రచయిత. ఒకే ఇంట్లో ఇద్దరు నవ్వించేవాళ్లు. కోర్టుకి పోయింది మాత్రం చెల్లెలు.

తెలుగులో భానుమతి ఒంటరి కాదు. 'జానకి విముక్తి', 'రామాయణ విషవృక్షం' రాసి జనానికి నిద్ర లేకుండా చేసిన రంగనాయకమ్మే 'స్వీట్ హోమ్' కూడా రాశారు. ఆమె కోపం మాత్రమే తెలిసినవాళ్లకి విమల, బుచ్చిబాబుల కాపురం చదవమని చెప్తుంటాను. తర్వాత పొత్తూరి విజయలక్ష్మి. ఆమె నవల 'ప్రేమలేఖ' చతురలో వచ్చింది. ఎవరో తెలియని మనిషికి ఒక పిల్ల రాసిన ఉత్తరం, దాని చుట్టూ తమాషా. 1984లో జంధ్యాల దాన్ని 'శ్రీవారికి ప్రేమలేఖ'గా తీశారు. సినిమా చూసి పడీపడీ నవ్వినవాళ్లలో సగం మందికి దాని వెనక ఒక ఔరత్ నవల ఉందని ఇప్పటికీ తెలియదు. జంధ్యాల పేరు చెప్తారు, చెప్పాల్సిందే. విజయలక్ష్మి గారి పేరు కూడా అదే దమ్ములో చెప్తే ఏం పోయింది?

భానుమతికి ఆ బాధ లేదు. పేరు ముందే ఉంది, పైగా 'అత్తగారి కథలు'కి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1966లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్. ఇక ఖిస్మత్ చేసిన తమాషా వేరే. కోడలిగా కలం పట్టిన మనిషిని 1980ల్లో సినిమావాళ్లు అత్తగారిని చేసి కూర్చోబెట్టారు. 'మంగమ్మగారి మనవడు'లో నానమ్మ, ఆ తర్వాత 'అత్తగారూ స్వాగతం', 'అత్తగారు జిందాబాద్'. ఆ చివరి పేరులో సగం మా జుబానే ఉందని అప్పట్లో మా ఇంట్లో ఒక సంబరం. తను రాసిన అత్తగారి వయసుకి తనే వచ్చి, తెర మీద ఆ ధీమాతోనే నడిచారు. 2005 డిసెంబర్ 24న చెన్నైలో వెళ్లిపోయారు.

నా గిలా ఒకటుంది. మా ఇళ్ల సాస్‌లు తెలుగు హాస్యంలో ఎక్కడ? ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు'లో కావలి అమ్మలూ నానమ్మలూ ఉన్నారు, చదివినంతసేపూ మా వీధే. కాకపోతే అది కొడుకు కన్ను. ముస్లిం బహూ కూర్చుని సాస్ గురించి తెలుగులో నవ్వుతూ రాసినది నా చేతికి చాలా తక్కువ దొరికింది. తెలుగు కథలో మేం కనబడితే తలాఖ్ కోసమో, గరీబీ కోసమో, దంగాల కోసమో కనబడతాం. అవి అబద్ధాలు కావు. కానీ ఆ గరీబీలోనే మా ఫుప్పూ రంజాన్‌లో సహరీకి లేపడానికి వచ్చే ఫకీరుతో చందా బేరమాడిన ఖిస్సా ఉంది. అది ఎవరు రాయాలి? ఏడ్చేవాళ్లుగానే తెలిసిన మనుషుల్ని జాలిపడి చూస్తారు. పక్కన కూర్చుని మాట్లాడాలంటే వాళ్ల నవ్వు కూడా తెలియాలి కదా.

అందుకే రెండేళ్లుగా ఒక నోట్‌బుక్ పెట్టాను. మా సాస్ నాకు వరసకి ఖాలా కూడా. ఆమె మాటలు, గ్యాస్ సిలిండర్ వాడితో ఆమె తగవులు, సెల్‌ఫోన్‌కి దిష్టి తీసిన సంగతి, అన్నీ అందులో. మొన్న ఆ నోట్‌బుక్ ఆమెకే దొరికింది. తెలుగు చదవడం వచ్చు. మంచం మీద కూర్చుని కళ్లజోడు పెట్టుకుని పూర్తిగా చదివింది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. చాలాసేపయ్యాక కేకేసింది.

"సిలిండర్ వాడికి నేనిచ్చింది ఇరవై కాదే, పది. సరిగ్గా రాయి."