గంటం నుంచి ఇంక్‌జెట్ దాకా: గంజాంలో సిరా చరిత్ర

నేటి ఒడిశాలోని గంజాం, బరంపురం ప్రాంతంలో రాతపనికి చాలాకాలం ఆధారం తాటాకు, గంటం, మసి. తీరం పొడవునా తాడిచెట్లు ఉండడంతో ఆకుకు కొదవ లేదు. ఆకు కోసి, ఈనె తీసి, పసుపు నీళ్లలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, అంచులు సమంగా కత్తిరించేవారు. ఇనుప గంటంతో గీస్తున్నంతసేపూ సిరా ఊసే ఉండదు. రాత ముగిశాక దీపపు మసిని నూనెలోనో ఆకుపసరులోనో కలిపి ఆకంతా పూసి గుడ్డతో తుడిచేవారు. పైది పోయేది, గాట్లలోది నిలిచేది. అక్షరం వెలిసిపోతే మళ్లీ మసి పూస్తే సరి. సిరా పనిముట్టు లోపలి నుంచి రాదు కాబట్టి అది ఎండి అడ్డుపడే ప్రసక్తే లేదు. సిరాతో రాసే పరికరాల్లో ఇంత నిశ్చింతగా వాడగలిగినది తరువాత మరొకటి రాలేదనే చెప్పాలి.

ఘుముసర్ రాజవంశీకుడైన ఒడియా కవి ఉపేంద్ర భంజ కావ్యాలు ఊరూరా తిరిగింది ఈ తాటాకుల మీదే. ఆయన 'లావణ్యవతి'కి ధరాకోట దగ్గరి ముండమరాయి గ్రామవాసి రఘునాథ్ ప్రుష్టి 19వ శతాబ్దం చివర్లో తాటాకు మీదే బొమ్మలు గీశాడు. వెంట్రుకంత సన్నని గీతలు కూడా మసితో స్పష్టంగా తేలాయి.

గంటాన్ని ఆకు ఈనెల వెంట తిన్నగా లాగితే ఆకు చీలిపోతుంది. తెలుగు, ఒడియా లిపులు గుండ్రబడడానికి ఇదొక కారణమని చెబుతారు. తాటాకుకు మేలు చేసిన ఆ గుండ్రదనమే అచ్చుపనివాళ్లకు తలనొప్పి అయింది.

గంజాంతో సహా ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లాక కచేరీల్లో కాగితం పెరిగింది. దానితోపాటు తడి సిరా వచ్చింది. నాటు సిరాల్లో ఒకటి మసి, తుమ్మజిగురు కలిపినది. మరొకటి కరక్కాయ కషాయంలో అన్నభేది వేసి చేసినది. జిగురు సిరా కలం చీలికలో ఎండి అట్ట కట్టేది. అన్నభేది సిరా బాగానే పారేది కానీ ఏళ్ల తరబడి కాగితాన్నే తినేసేది. కలాన్ని నీళ్లలో నానబెట్టి, తుడిచి, కొన మళ్లీ చెక్కుకోవడం గుమాస్తాల రోజువారీ పనుల్లో ఒకటి.

ఒడిశా గడ్డ మీద అచ్చుకు 1830ల చివర్లో కటక్ మిషన్ ప్రెస్ దారి వేసింది. బరంపురంలో శశిభూషణ్ రథ్ 1913లో 'ఆశా' వారపత్రిక స్థాపించారు. 1928లో అది దినపత్రిక అయింది. పర్లాకిమిడిలో అధ్యాపకుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి 1919లో 'తెలుగు' అనే మాసపత్రిక నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాంలో ఎక్కువ భాగం, పర్లాకిమిడితో సహా, అందులో కలిసింది.

అచ్చు సిరా నూనెతో చేసినది, గాలికి త్వరగా ఆరదు. అయినా సీసపు అక్షరాల మీద పనయ్యాక అలాగే వదిలేస్తే కాగితం దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది. మూసుకుపోయేవి ముఖ్యంగా సున్నాలు, గుడులు, వట్రసుడులు, ఒడియా అక్షరాల పైభాగపు వంపులు. లోపలి ఖాళీ నిండితే ఒక అక్షరం మరో అక్షరంలా పడుతుంది. అందుకే ప్రతి ఫారమూ, అంటే కూర్చిన అక్షరాల చట్రం, యంత్రం నుంచి దిగాక కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, అప్పుడే అక్షరాలను కేసుల్లోకి సర్దేవారు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ తలను, అంటే సిరా చిమ్మే భాగాన్ని, కడిగే పనికి ఒక పూర్వరూపం ఇదే. తరువాత వచ్చిన టైప్‌రైటర్‌లోనూ ఇదే తంతు: రిబ్బను మసి 'ఠ', 'ం' లాంటి వాటిలో చేరితే పాత టూత్‌బ్రష్‌తో తీసేవారు.

నీటి సిరాను వేడితో, కంటికి కనబడని రంధ్రాల నుంచి చిమ్మించే ఇంక్‌జెట్ పద్ధతి 1970ల చివర్లో రూపుదిద్దుకుంది. కానన్ పరిశోధకుడు ఇచిరో ఎండో ప్రయోగశాలలో 1977లో వేడి సోల్డరింగ్ ఇనుము సిరంజి సూదికి తగిలి సిరా బయటికి చిమ్మడం దానికి ఒక మూలం. 1984లో హెచ్‌పీ 'థింక్‌జెట్'ను అమ్మకానికి తెచ్చింది. క్రమంగా ఇంక్‌జెట్ మన డీటీపీ దుకాణాలకు, ఇళ్లకు చేరింది. కలం చీలికలో ఎండిన సిరా సమస్య మళ్లీ తిరిగొచ్చింది, ఈసారి వెంట్రుక మందంలో సగం కూడా లేని రంధ్రంలో. వారాల తరబడి ముద్రించకపోతే, ముఖ్యంగా ఎండల్లో, రంధ్రపు అంచున నీరు ఆవిరై రంగు గట్టిపడుతుంది. పేజీలో తెల్లగీతలు పడతాయి.

అలా గీతలు పడితే మొదట నాజిల్ (రంధ్రాల) పరీక్ష పేజీ తీసి, ప్రింటర్ మెనూలోని హెడ్ క్లీనింగ్‌ను ఒకటి రెండుసార్లు నడపాలి, ఆపై కొన్ని గంటలు ఆగాలి. పదేపదే నడిపితే సిరా వృథా అవుతుంది. కొన్ని కానన్, హెచ్‌పీ నమూనాల్లో తల కార్ట్రిడ్జికే ఉంటుంది. దాన్ని గోరువెచ్చని డిస్టిల్డ్ నీటిలో తడిపిన, పీచు రాని గుడ్డ మీద అద్దితే చాలు. ఎప్సన్‌లో తల యంత్రంలోనే అమర్చి ఉంటుంది. దాని కింద తడి గుడ్డ పరిచి రాత్రంతా ఉంచాలి. బోరు నీళ్లు వాడితే లవణాలు రంధ్రంలోనే పేరుకుంటాయి. సూదితో పొడిస్తే తల పాడవుతుంది. వారానికొక రంగు పేజీ ముద్రిస్తే కడగాల్సిన అవసరం తరచుగా రాదు.